ఇక్కడే అన్న మాట

ఆ రోజు పొద్దున కోడలు తల దువ్వుకుంటూ అద్దం ముందు అలాగే నిలబడిపోయింది. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. వంటింట్లోంచి కాఫీ తెస్తున్న అత్తగారు అది చూసి, "ఆఫీసులో పని మరీ ఎక్కువైనట్టుంది, నిలబడే నిద్రపోతున్నావు" అంది. కోడలు ఉలిక్కిపడి, నవ్వు తెచ్చిపెట్టుకుని కప్పు అందుకుంది.

"ఇవాళ నేనూ మాస్టారూ మన బిల్డింగు దగ్గరికి వెళ్ళొస్తాం" అంది అత్తగారు, ఎదురుగా కూర్చుంటూ. "మాస్టారి భార్య ఆసుపత్రిలో ఉన్నంతసేపూ మాకు ఖాళీయేగా. పునాదులు తవ్వుతున్నారట. మన ఇళ్ళు ఏ పక్కన వస్తాయో చూసుకుంటే ఆయన మనసు కుదుటపడుతుంది."

కోడలు కప్పు బల్ల మీద పెట్టేసింది. "ఇవాళ వద్దు లెండి అత్తయ్యా. ఎండ ఎక్కువగా ఉంటుంది."

"గొడుగుంది కదే."

కోడలు ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో భర్త స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం కేకేశాడు. ఆ వంకతో ఆమె లేచి వెళ్ళింది. తర్వాత కాఫీ సగంలోనే వదిలేసి, హడావిడిగా చెప్పులేసుకుని ఆఫీసుకు బయల్దేరింది.

అత్తగారిని తెలిసినవాళ్ళంతా నర్సమ్మ అంటారు. ఊరి మధ్యలో ఉన్న పెద్దాసుపత్రిలో ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆ ఆసుపత్రి వీధిలోనే నాలుగంతస్తుల పాత అద్దె బిల్డింగులో కాపురానికి వచ్చింది. కొడుకు అక్కడే పుట్టాడు, భర్త అక్కడే కన్నుమూశాడు. బిల్డింగులో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకు సూది వెయ్యాలన్నా ముందు ఆవిడ తలుపే తట్టేవారు. కొడుకూ కోడలూ వేరే చోట ఫ్లాటు కొనుక్కుని రమ్మని ఎంత బతిమాలినా ఆవిడ కదల్లేదు. చివరికి బిల్డింగే కదిలింది. దాన్ని పడగొట్టి అక్కడ ఆకాశమంత టవర్ కట్టడానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది.

అందరూ బిక్కచచ్చిపోయిన ఆ రోజుల్లో ధైర్యం చెప్పింది కోడలే. ఆమె నగరం హౌసింగ్ ఆఫీసులో అధికారి. ఆ ఉద్యోగం పరీక్షకు ఆమె చదువుతున్నప్పుడు నర్సమ్మ వచ్చి ఉండి, ఇంట్లో గిన్నె ముట్టుకోనివ్వలేదు. ఉద్యోగం వచ్చాక దారినపోయేవాళ్ళను కూడా ఆపి చెప్పుకుంది. వాళ్ళిద్దర్నీ చూసినవాళ్ళు ఎవరు అత్తో ఎవరు కోడలో తెలియడం లేదని నవ్వేవారు.

ఆఫీసులో డైరెక్టరు కోడలిని పిలిచి, నువ్వైతే ఆ బిల్డింగు మనిషి లెక్క, వెళ్ళి మాట్లాడు, నీ మాట వింటారు అన్నాడు. ఆమె వచ్చింది. మెట్ల మలుపులో నిలబడి అందరికీ విడమరిచి చెప్పింది. మామూలుగా అనుమతించే ఎత్తు కన్నా ఎక్కువ ఎత్తు కట్టుకోనిస్తే కంపెనీకి బాగా మిగులుతుంది. అందుకు బదులుగా అది టవర్‌లో ఐదో వంతు ఇళ్ళను తక్కువ అద్దెకు ఇచ్చి తీరాలి. పాత అద్దెదారులకే మొదటి హక్కు. టవర్ లేచేదాకా కంపెనీయే వేరే చోట ఉంచి అద్దె కడుతుంది. "మీరందరూ తిరిగి ఇక్కడికే వస్తారు" అంది కోడలు. "ఇక్కడే. ఈ వీధిలోనే."

జనం ఆమె మొహం చూడలేదు, నర్సమ్మ మొహం చూశారు. నర్సమ్మ తల ఊపింది.

ఆ తర్వాత నెల రోజుల పాటు ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి దిగి, సందేహం ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి కూర్చుంది. ఖాళీ చేస్తామని అందరి చేతా కాగితం మీద సంతకం పెట్టించింది. అందరికన్నా ఆఖర్న ఒప్పుకున్నది మూడో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు. ఆయన భార్యకు మూత్రపిండాలు పనిచెయ్యవు. రోజు విడిచి రోజు ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. వీధి చివరే ఆసుపత్రి కాబట్టి ఆమె బతికి ఉందని ఆయన నమ్మకం. నర్సమ్మ చెప్పింది గనక సరే అన్నాడు.

అందర్నీ ఊరికి అవతలి పక్కన ఖాళీగా పడి ఉన్న ఒక పాత హాస్టల్‌కి మార్చారు. నర్సమ్మ మాత్రం కొడుకు ఇంటికి వచ్చింది. సామాను డబ్బాలు విప్పనివ్వలేదు. "మళ్ళీ వెళ్ళిపోయేదాన్ని, విప్పినవి మళ్ళీ ఎవరు కడతారు?" అని వాటిని వరండాలోనే పేర్పించింది.

ఆ రోజు మాస్టారు, నర్సమ్మ సైటు దగ్గరికి చేరేసరికి బాగా ఎండెక్కింది. స్థలం చుట్టూ రేకులు కట్టేశారు. లోపల యంత్రాలు మట్టి తోడుతున్నాయి. పక్కనే అద్దాల గోడలతో కొత్తగా ఒక అమ్మకాల ఆఫీసు వెలిసింది. లోపల చల్లగా ఉంది. నడిమధ్య గాజు పెట్టెలో టవర్ నమూనా పెట్టారు. వేలెడంత మనుషులు, అగ్గిపుల్లంత చెట్లు, నీలం రంగు ఈతకొలను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నంత శ్రద్ధగా చూశాడు.

"మా అంతస్తులు ఏవమ్మా?" అని అడిగాడు, అక్కడున్న అమ్మాయిని.

ఆ అమ్మాయి మర్యాదగా ఏ సైజు ఫ్లాటు బుక్ చేసుకున్నారని అడిగింది. కొన్నవాళ్ళం కాదనీ, పాత అద్దెదారులమనీ నర్సమ్మ చెప్పింది. ఆ పిల్ల మొహంలో ఇబ్బంది కనిపించింది. కింది అంతస్తులు కార్ల కోసమనీ, పైవన్నీ అమ్మకానికేననీ నెమ్మదిగా చెప్పింది. "తక్కువ అద్దె ఇళ్ళు ఇందులో లేవండీ. వాటి బదులు కంపెనీ నగరం హౌసింగ్ నిధికి డబ్బు కడుతోంది. ఆ డబ్బుతో ఆఫీసువాళ్ళు వేరేచోట కడతారు. మీకు చెప్పలేదా?"

"ఏ ఆఫీసువాళ్ళు?" అంది నర్సమ్మ.

"హౌసింగ్ ఆఫీసేనండీ. సిఫార్సు కూడా వాళ్ళే ఇచ్చారు. నగర కౌన్సిల్లో ఓటు ఒక్కటే మిగిలింది."

నర్సమ్మ గాజు పెట్టె పట్టుకుని ఆగింది. ఆ పిల్లే కుర్చీ లాగి కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. మాస్టారు ఇంకా గాజు పెట్టెలోకే చూస్తున్నాడు. ఆసుపత్రికి తిరిగి నడుస్తున్నంతసేపూ ఆయన గొడుగు ఆవిడ వైపే పట్టి, తను ఎండలో నడిచాడు. గేటు దగ్గరికి వచ్చాక మాత్రం, "మీ కోడలికి తెలిసి ఉండదు లెండి. పెద్దవాళ్ళు పైన చేసుకునే పనులు ఇవి" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకునే నర్సమ్మ సాయంత్రం దాకా గడిపింది. దానికి తెలిసి ఉండదు. తెలిస్తే చెప్పకుండా ఉంటుందా? పొద్దున వెళ్ళొద్దు, ఎండ అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని వెనక్కి నెట్టింది.

కోడలు ఇంట్లోకి వస్తూనే అత్తగారి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కొడుకు సోఫాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. అతనూ స్కూల్లో టీచరే. మాస్టారి దగ్గర చదువుకున్నవాడే.

"నీకు తెలుసా?" అని అడిగింది నర్సమ్మ. ఇంకేమీ అడగలేదు.

కోడలు చేతిలోని సంచి కింద పెట్టింది. "ఆ సిఫార్సు రాసింది నేనే అత్తయ్యా."

గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, పోనుపోను గబగబా చెప్పింది. కట్టుబడి ఖర్చు పెరిగిపోయిందనీ, అద్దె ఇళ్ళు కలిపితే తమకు గిట్టదని కంపెనీ మొండికేసిందనీ, దాని బదులు నిధికి డబ్బిస్తానందనీ చెప్పింది. టవర్‌లో ఒక్క ఇంటికి పెట్టే ఖర్చుతో, ఊరి చివర నగరం సొంత స్థలంలో, పాత బస్ డిపో ఉన్న చోట మూడు ఇళ్ళు కట్టొచ్చు. స్థలం ఎలాగూ ఉంది. నిధిలో కాస్త డబ్బు చూపిస్తే బ్యాంకు మిగతాది అప్పిస్తుంది. "మూడింతలు అత్తయ్యా. ప్రతి సోమవారం మా కౌంటరు దగ్గరికి ఒకావిడ వస్తుంది. ఇద్దరు ఆడపిల్లలతో కాలువ పక్కన రేకుల షెడ్డులో ఉంటోంది. వర్షం వస్తే మంచాల మీదికెక్కి కూర్చుంటారు. నా టర్న్ ఎప్పుడొస్తుందమ్మా అని అడుగుతుంది. ప్రతి సోమవారం లేదనే చెప్తున్నాను. ఈ డబ్బుతో ఆవిడకి ఇల్లొస్తుంది. నేను ఒక్క రూపాయి తినలేదు. నాకు న్యాయమనిపించిందే రాశాను."

నర్సమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక అంది. "ఆవిడకి ఇల్లు రావాలి. నేనెందుకు కాదంటాను? మా ఇళ్ళు తీసి ఆవిడకి ఇవ్వాలనుకుంటే ఆ మాట మమ్మల్ని అడిగి ఉండాల్సింది. ఒప్పుకునేవాళ్ళమో, పోట్లాడేవాళ్ళమో. ఇక్కడే ఇస్తామని చెప్పి, నా చేత చెప్పించి, అందర్నీ బయటికి పంపాక మాట మార్చారు. మీ ఆఫీసు మార్చిందంటే నాకు బాధ లేదు, ఆఫీసులంటే అంతే. నువ్వు నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ దాచావు."

"ఎలా చెప్పాలో తెలీలేదు అత్తయ్యా. ఓటు అయ్యాక చెబుదామనుకున్నాను."

"అంటే ఇక చేసేదేమీ లేనప్పుడు."

కోడలు తల దించుకుంది. అప్పటిదాకా పేపర్ల మీద కళ్ళు పెట్టి కూర్చున్న కొడుకు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, తనెంత నలిగిపోయిందో నీకు తెలీదు. రోజూ నాతో చెప్పుకుని ఏడ్చేది. నేనే, కాస్త ఆగు, అమ్మ తట్టుకోలేదు అన్నాను."

నర్సమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీకూ తెలుసన్నమాట."

అతను ఒళ్ళోని పేపర్లు సర్దడం మొదలుపెట్టాడు.

"వాళ్ళావిడకి ఎలా ఉందని మొన్న మాస్టారికి ఫోన్ చేసి అడిగావు. ఆయన నీకు చదువు చెప్పాడురా. ఎలా అడగ్గలిగావు?"

ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికేసుకుంది. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని కొడుకూ కోడలూ చెవులు రిక్కించి కూర్చున్నారు. ఏమీ వినిపించలేదు. వాళ్ళకి అదే ఎక్కువ భయమేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక చేతిసంచితో హాస్టల్‌కి వెళ్ళిపోయింది. మాస్టారి గదిలో అదనంగా ఒక మంచముంది. ఆయన భార్యకు సాయం కావాలి కూడా. ముందు ఆ ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. కోడలికి తెలియడమే కాదు, రాసిందే ఆమె అని చెప్పింది. మాస్టారు చాలాసేపు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను కాగితం చదవలేదు నర్సమ్మా" అన్నాడు చివరికి. "బడిలో పిల్లలు లెక్కలో ఒక్క మెట్టు వదిలేసి జవాబు రాస్తే సున్నా వేసేవాణ్ణి. అలాంటిది, మీ మొహం చూసి సంతకం పెట్టేశాను."

ఆయన తిట్టి ఉంటే ఆవిడకి తేలిగ్గా ఉండేది.

మిగతావాళ్ళు అంత మెత్తగా లేరు. ఆవిడ ఒక్కో గదికే వెళ్ళి చెప్పింది. కొందరు ఆవిడ ఎదుటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నర్సమ్మకు కోడలు ముందే చెప్పలేదంటే నమ్మేదెవరు? సొంత ఇంట్లో మనిషే కదా. కోడలికి ఎంత ముట్టిందో అని ఒకడు వినపడేలాగే అన్నాడు. పాత బిల్డింగు కింద బేకరీ నడుపుకున్న ఆవిడైతే సగం మాటలోనే తలుపేసేసింది. ఆవిడ కొడుక్కి ఆయాసం వచ్చినప్పుడల్లా, ఏ వేళైనా, నర్సమ్మే చేతుల్లో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తేది. మూసిన ఆ తలుపు ముందు నర్సమ్మ కొంతసేపు నిలబడింది. మళ్ళీ తట్టడానికి చెయ్యి లేవలేదు. తన కోడలు తనను మోసం చేసిందని ఆవిడ అనుకుంటూ వచ్చింది. వీళ్ళ లెక్కలో మోసం చేసింది తనే.

కోడలు రెండు రోజులకే వచ్చింది. నర్సమ్మ లోపలి వైపు తిరిగి పడుకుంది. మాస్టారే గుమ్మం దాకా వెళ్ళి, రామ్మా అని పిలిచి కూర్చోబెట్టాడు. కుశల ప్రశ్నలు వేశాడు. తర్వాత, "ఆ డిపో దగ్గర్నుంచి ఆసుపత్రికి ఎలా రావాలమ్మా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"రెండు బస్సులు మారాలండీ" అంది కోడలు. "కానీ అక్కడ కూడా ఆసుపత్రి ప్లానులో ఉంది."

"ఎప్పటికి కడతారు?"

కోడలు మంచం మీదున్న ఆయన భార్యను చూసింది. ఆమె ఆ రోజే ఆసుపత్రి నుంచి వచ్చి, లేచి కూర్చునే ఓపిక లేక, పడుకునే చిన్నగా నవ్వింది.

అప్పుడు నర్సమ్మ లేచి కూర్చుంది. "ఇక్కడ గదుల్లో ఉన్నవాళ్ళందర్నీ పిలుస్తాను. నాకు చెప్పిందే వాళ్ళకీ చెప్పు. నీ నోటితో."

"ఓటు అయ్యేదాకా బయట మాట్లాడకూడదు అత్తయ్యా. రూలుంది."

"మెట్ల మలుపులో నిలబడి మాట్లాడిన రోజు లేదా ఆ రూలు?"

నర్సమ్మ గొంతు తగ్గించింది. "నేను ఎన్ని వేల సూదులు వేశానో నాకే తెలీదు. ఏ పిల్లకీ నొప్పి పెట్టదని చెప్పలేదు. పెడుతుంది, చెయ్యి పట్టుకో, అనే చెప్పేదాన్ని. అందుకే మళ్ళీ మళ్ళీ చెయ్యి చాపేవాళ్ళు. నువ్వు నొప్పి పెట్టావని కాదు నాకు కోపం."

కోడలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కొడుకు మాత్రం రోజూ వచ్చి వరండాలో నిలబడి, తల్లి పలకరించకపోయినా, ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో మాస్టారి భార్యను చక్రాల కుర్చీలో ఆటోదాకా తీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ దించి వెళ్ళేవాడు. తప్పు ఒప్పుకోవడానికి మాటలు వెతుక్కోలేని మనిషి, తండ్రిలాగే. అది నర్సమ్మకు తెలుసు. తెలిసినా పలకరించలేదు.

కౌన్సిల్ ఓటు రోజు హాస్టల్ వాళ్ళు చాలామంది వెళ్ళి చూసేవాళ్ళ బెంచీల మీద కూర్చున్నారు. నర్సమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు, మాస్టారు తప్ప. డైరెక్టరు లేచి నిధికి ఎంత వస్తుందో, దానికి బ్యాంకు ఎంత కలుపుతుందో, డిపో స్థలంలో ఎన్ని ఇళ్ళు లేస్తాయో చక్కగా వివరించాడు. వింటుంటే ఎవరికైనా బాగానే అనిపిస్తుంది. సభ్యులు చేతులెత్తడానికి సిద్ధంగా ఉన్నారు.

అప్పుడు డైరెక్టరు వెనక కుర్చీలోంచి కోడలు లేచింది. మాట్లాడటానికి అనుమతి అడిగింది. డైరెక్టరు వెనక్కి తిరిగి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె కూర్చోలేదు. అధ్యక్షురాలు విషయమేమిటో చెప్పమంది.

"ఈ సిఫార్సు నేను రాశాను" అంది కోడలు. "సార్ చెప్పినవన్నీ నిజమే. డిపో ఇళ్ళు కావాలని నేనిప్పటికీ అంటాను. కానీ ఇందులో ఒక సంగతి రాయలేదు. ఆ బిల్డింగు వాళ్ళు ఖాళీ చేసింది, తిరిగి అక్కడికే వస్తారని మన ఆఫీసు తరఫున నేను చెబితే. ఆ మాట మీద వాళ్ళు ఇళ్ళు వదులుకున్నారు. దాన్ని రాస్తే మీరు ఓటు వెయ్యరేమోనని నేనే వదిలేశాను. ఆ వీధి ఆసుపత్రి మీద ఆధారపడి బతికేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. అదీ నాకు తెలుసు."

హాలంతా గుసగుసలతో నిండిపోయింది. అధ్యక్షురాలు ఓటు వాయిదా వేసింది. నర్సమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. కోడలు ఒక్కసారి కూడా బెంచీల వైపు చూడలేదు. ఆ వారంలోనే ఆమెను హౌసింగ్ నుంచి తీసి జనన మరణాల విభాగంలో వేశారని కొడుకు వచ్చి చెప్పాడు. ఆ రోజు నర్సమ్మ మొదటిసారి అతన్ని భోజనం చేశావా అని అడిగింది. అతను తలుపు పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

కౌన్సిల్ చివరికి మధ్యేమార్గం పట్టింది. కార్లకని వదిలిన ఒక అంతస్తులోనూ దాని పైదానిలోనూ కంపెనీ తక్కువ అద్దె ఇళ్ళు కట్టి తీరాలి. అవి పాత అద్దెదారుల్లో జబ్బుతో ఉన్నవాళ్ళకీ, తోడు లేని ముసలివాళ్ళకీ. మిగతా వాటా డబ్బుగానే నిధికి వెళ్తుంది. తక్కినవాళ్ళకి డిపో ఇళ్ళలో మొదటి హక్కు. నిధికి వచ్చేది తగ్గింది కాబట్టి డిపోలో కట్టే ఇళ్ళూ తగ్గాయి. కాలువ పక్కన ఉన్న ఆవిడ ఇంకా చాలా సోమవారాలు రావాలి. ఎవరికీ పూర్తిగా సంతోషం కలగని తీర్పు అది.

ఆ తీర్పు వచ్చిన మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కోడలు హాస్టల్‌కి వచ్చింది. నర్సమ్మ వరండాలో బట్టలు మడతపెడుతోంది. కోడలు కూర్చోలేదు.

"ముందు మీకు చెప్పాలని వచ్చాను అత్తయ్యా. మాస్టారికి వచ్చింది. మీకు రాలేదు. మీరు మా ఇంట్లో ఉంటున్నట్టే లెక్క, తోడు లేనివాళ్ళ కింద రారు. ఉండటానికి ఇల్లుంది కాబట్టి డిపోలో కూడా రాదు. మీరు ఆ వీధికి మళ్ళీ వెళ్ళరు."

నర్సమ్మ మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళోనే ఉంచుకుని కూర్చుంది. భర్త చివరి రోజుల్లో ఆనుకుని కూర్చున్న గోడ, కొడుకు పాకిన గచ్చు ఇప్పటికే మట్టిలో కలిసిపోయాయి. అయినా ఇవాళే పోయినట్టుంది. కోడలు చూపు తిప్పుకోకుండా ఎదురుగానే నిలబడింది. తిట్టినా పడదామని వచ్చినట్టుంది.

"మిగతావాళ్ళకి ఎవరు చెప్తారు?" అని అడిగింది నర్సమ్మ.

"హౌసింగ్‌లో నా స్థానంలో వచ్చినాయన ఉత్తరాలు పంపిస్తాడట. అలా వద్దని నేనే చెప్తానన్నాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

నర్సమ్మ దుప్పటి పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, చెప్పులు వెతుక్కుంది.

గదులు మూడంతస్తుల్లో ఉన్నాయి. ప్రతి తలుపు దగ్గరా కోడలే మాట్లాడింది. ముందు చేదు కబురు చెప్పి, తర్వాత మిగతాది చెప్పింది. నర్సమ్మ పక్కన నిలబడింది, ఒక్క మాట కూడా కలపలేదు. ఒక ముసలాయన చేతులు జోడించాడు. ఇంకొకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. బేకరీ ఆవిడ తలుపు సగమే తెరిచింది. ఆవిడకి ఇల్లు వచ్చింది డిపోలో. ఊరి చివర బేకరీకి ఎవరొస్తారని అడిగింది. కోడలు తెలీదంది. ఆవిడ నర్సమ్మను పైకీ కిందకీ చూసి, "మీరు కూడానా? మీకు టవర్‌లోనేగా?" అంది.

"నాకెక్కడా రాలేదమ్మా" అంది నర్సమ్మ.

బేకరీ ఆవిడ తలుపు ఈసారి వెంటనే వెయ్యలేదు. వీళ్ళు మెట్ల దగ్గరికి వెళ్ళేదాకా అలాగే నిలబడి చూసింది.

రెండో అంతస్తు నుంచి పైకెక్కుతుంటే నర్సమ్మ మోకాలు పట్టేసింది. కమ్మీ పట్టుకుని ఆగి, పళ్ళ బిగువున ఊపిరి తీసుకుంది. వెనక వస్తున్న కోడలు ఆ కాలు చూసింది. వాచి ఉంది. ఆమెకు ఒక్కసారిగా ఏదో తట్టినట్టయింది. మెట్టు మీదే కూలబడి, మొహం చేతుల్లో దాచుకుంది.

"అప్పుడు కూడా ఇలాగే ఎక్కారు కదా అత్తయ్యా" అంది వెక్కుతూ. "నేను ఒక్కసారి వచ్చి మాట చెప్పి వెళ్ళిపోయాను. ఆ మాటని మీరు నెల రోజులు ఈ కాళ్ళతో ఇంటింటికీ మోశారు. నేను సిఫార్సు రాసేటప్పుడు అందరూ గుర్తొచ్చారు. కాలువ పక్కనున్న ఆవిడ గుర్తొచ్చింది. మీరు గుర్తురాలేదు. మీరెలాగూ నా మనిషే కదా అనుకున్నాను."

నర్సమ్మ కిందికి వంగలేక, కమ్మీ సాయంతో మెల్లగా ఆ మెట్టు మీదే ఆమె పక్కన చతికిలబడింది. వెంటనే దగ్గరికి తీసుకోలేదు. కింద ఎవరో కొళాయి తిప్పారు.

"నిన్ను మునుపటిలా నమ్మగలనో లేదో ఇప్పుడే చెప్పలేను" అంది నర్సమ్మ. "అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. కానీ నీ మనిషినే. అది మాత్రం ఎక్కడికీ పోలేదు."

కోడలు ఆవిడ భుజం మీద తల ఆనించింది. నర్సమ్మ తన చీర కొంగుతో ఆమె మొహం తుడిచింది, ముక్కు కూడా తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టు. తర్వాత లేవడానికి చెయ్యి చాపింది.

"పట్టుకో. పైన ఇంకా రెండిళ్ళున్నాయి."